మీకు తెలుసా? పప్పు ఉడకకపోతే తప్పు నీళ్లదే కావచ్చు

హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కుళాయి తిప్పితే వచ్చేది బోరు నీళ్లే. రాతిపొరల్లో ఊరిన ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ; దీన్నే నీటి కఠినత్వం అంటారు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే దిక్కు లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు.

కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోందా? నీళ్లలోని కాల్షియం పప్పులోని పెక్టిన్‌తో కలిసి దాన్ని మెత్తబడనివ్వదు. అందుకే చాలా ఇళ్లలో స్నానానికి బోరు నీళ్లు, పప్పుకు మంజీరా నది నుంచి వచ్చే నీళ్లు. సబ్బు నురగ రాదు సరే, గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పొర కరెంటునూ తినేస్తుంది. కుళాయి మీద పట్టే అలాంటి తెల్లటి మరకపై నిమ్మచెక్క రుద్దండి, సన్నగా బుడగలొచ్చి కరుగుతుంది. ఇక నీళ్లలో వేసే పటిక బురదను దించుతుందే తప్ప కఠినత్వాన్ని తగ్గించదు.