శత్రుదేశపు పండితుడు

మొన్న ఆర్మూరులో మా నెలవారీ సాహిత్య సమావేశం ముగిసి అందరం లేస్తుండగా, తెలుగు ఎం.ఏ. చదువుతున్న విద్యార్థి ఒకడు అడిగాడు: "సార్, యుద్ధం చేసే దేశపు పండితుల్ని బహిష్కరించడం న్యాయమేనా? చదువుకు సరిహద్దుల్లేవని మీరే చెప్తరు గదా!" చాయ్ తాగుతూ నేను చెప్పిన జవాబు నాకే అసంపూర్తిగా తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మా జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలకు కుటుంబాలనే వెలివేసిన వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. కాబట్టి బహిష్కరణ అన్న మాట వినగానే ఇక్కడి వాళ్లకు మనసు కాస్త జంకుతుంది. ఆ జంకు మంచిదే. 1914 అక్టోబరులో 93 మంది జర్మన్ మేధావులు తమ సైన్యాన్ని సమర్థిస్తూ ప్రకటన చేశారు. మాక్స్ ప్లాంక్ సంతకం చేశాడు, ఐన్‌స్టీన్ చేయలేదు. యుద్ధం ముగిశాక 1919లో ఏర్పడిన అంతర్జాతీయ పరిశోధనా మండలి జర్మనీని 1926 దాకా గడప తొక్కనివ్వలేదు. సంతకం చేసినవాడెవడు, చేయనివాడెవడు అన్న విచక్షణ ఆ నియమానికి లేదు.

ఇక మన పొరుగు సంగతి. ఆర్మూరు నుంచి సోన్ వంతెన మీదుగా గోదావరి దాటితే ఆదిలాబాదు. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1939లో యుద్ధం మొదలైనప్పుడు భారతదేశంలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వారి దృష్టిలో శత్రుదేశస్థుడు. ఆయన్ను హైదరాబాదు సంస్థానం దాటిపోకుండా కట్టడి చేశారు. విచిత్రమేమిటంటే, ఆ కట్టడి కాలంలో చేసిన పరిశోధనతోనే ఆయన చెంచుల మీద (1943), కొండరెడ్ల మీద (1945), ఆదిలాబాదు రాజగోండుల మీద (1948) పుస్తకాలు వెలువరించాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పూనుకున్నాడు. గోండుల భూమి పరాయివాళ్ల పాలవుతున్న తీరును సర్కారు ముందు పెట్టాడు. బడిపంతులుగా నాకు ఆయన మీద గౌరవం ఉంది.

అయితే ఆ పని ఆయనకు అప్పగించిన నైజాం ప్రభుత్వమే, జోడేఘాట్‌లో 1940లో కొమురం భీంను కాల్చి చంపింది. ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవలసిన అవసరం దానికి కలిగింది. 1938లో ఇదే ప్రభుత్వపు ఉస్మానియా, వందేమాతరం పాడిన విద్యార్థుల్ని వెళ్లగొట్టింది. వాళ్లను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అంటే శత్రుదేశపు పండితుడికి అడవి తలుపు తెరిచినవారే సొంత విద్యార్థికి తరగతి తలుపు మూశారు. పాలకులకు ఎవరి చదువు అక్కరకొస్తే వాళ్లకు స్వేచ్ఛ, మిగతావారికి బహిష్కరణ. విద్యాస్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ లెక్కను మరిచిపోతుంటాం.

ఈనాటి వాదాలను ఈ వెలుగులో చూడాలి. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 2022 మార్చిలో, రష్యా విశ్వవిద్యాలయాల రెక్టర్ల సంఘం ఆ యుద్ధాన్ని సమర్థిస్తూ ప్రకటన చేసింది. అలా నోరు విప్పిన సంస్థతో చేతులు కలపకపోవడం సబబే. ఆ ఏడు పీటర్స్‌బర్గులో జరగవలసిన ప్రపంచ గణిత మహాసభను అక్కడి నుంచి తప్పించారు. రష్యన్ గణితజ్ఞుల్ని మాత్రం వ్యక్తులుగా నిషేధించలేదు. 2004లో పాలస్తీనా మేధావులు ఇజ్రాయెల్ విద్యాసంస్థలను బహిష్కరించమని పిలుపునిచ్చినప్పుడు కూడా, తమ గురి సంస్థల మీదే గాని వ్యక్తుల మీద కాదన్నారు. ఆచరణలో ఈ గీత చెరిగిపోతుంటుంది, నిజమే. ఏ సంపాదకుడో భయపడి పేరు చూసి వ్యాసం తిప్పి పంపుతాడు. అది బహిష్కరణ కాదు, పిరికితనం.

ఆ విద్యార్థి ప్రశ్నలో నేను ఆ రోజు దాటవేసిన భాగం ఒకటుంది: సొంత దేశపు యుద్ధాన్ని ఎదిరించిన అధ్యాపకుడి గతేమిటి? ఇంట్లో దేశద్రోహి, బయట శత్రువు. ఆయన వ్యాసం మన పత్రికకు వస్తే అచ్చు వేయాలి, సభకు వస్తానంటే కుర్చీ వేయాలి. ఆయన విశ్వవిద్యాలయం ఆయుధ పరిశోధనకు మన కాలేజీతో ఒప్పందం అడిగితే మాత్రం సంతకం పెట్టకూడదు.