సంకేతపదము - గోప్యతా రక్షణ

ఇంటికి తాళము వేసి, తాళపుచెవిని గుమ్మము పక్కనే మేకుకు తగిలించి ఊరికి పోయే గృహస్థుని చూస్తే మనకు నవ్వు వస్తుంది. కాని అంతర్జాలములో మనలో అనేకులము చేస్తున్న పని అదే. విద్యార్థివేతనపు దరఖాస్తు, పరీక్షా ఫలితము, బ్యాంకు ఖాతా, ఇంటివారి ఛాయాచిత్రములు, స్నేహితుల ఉత్తరములు, ఇవన్నీ నేడు ఒక చిన్న మాట వెనుక దాగి ఉన్నవి. ఆ మాటనే సంకేతపదమనీ, పాస్‌వర్డు అనీ అంటున్నాము. దానిని కాపాడుకొనే మార్గములను తోటి విద్యార్థులకు మాకు తెలిసినంత మేరకు వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా మేము కళ్ళారా చూచిన ఒక సంగతి చెప్పుతాము. మా సహాధ్యాయి ఒకడు విద్యార్థివేతనము కొరకు ఒక నెట్ సెంటరులో దరఖాస్తు పెట్టుకొన్నాడు. పని త్వరగా కావాలని దుకాణదారు తన సెల్‌ఫోను నంబరునే నమోదు చేసి, వచ్చిన వారందరికీ వేసే సంకేతపదమునే ఇతనికీ వేసినాడు. కొన్ని నెలలకు బ్యాంకు ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పు పడినదని తెలిసినది. దిద్దుకొందామంటే ఓ.టి.పి. ఆ దుకాణదారు నంబరుకు పోతున్నది. దుకాణము అప్పటికే మూతపడినది, ఆ నంబరు పలుకదు. గడువు దాటిపోయినది. ఫీజు కొరకు అతడు సంవత్సరమంతా సాయంత్రములు ఒక బట్టల కొట్టులో పనిచేయవలసి వచ్చినది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. తన ఇంటి తాళపుచెవి తన వద్ద లేకపోవుటయే కారణము.

కంప్యూటరుకు సంకేతపదము క్రొత్తది కాదు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందము ఒకే యంత్రమును పలువురు పంచుకొనే ఏర్పాటు చేసినది. ఎవరి కాగితములు వారికే కనబడుటకు ఒక్కొక్కరికి ఒక్కొక్క సంకేతపదము ఇచ్చినారు. మరుసటి సంవత్సరమే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన సమయము చాలక, సంకేతపదముల జాబితా మొత్తమును అచ్చు తీయించుకొన్నాడు. 1966లో ఒక పొరపాటు వలన స్వాగత సందేశమునకు బదులు ఆ జాబితాయే అందరికీ కనబడినది. దాచినవాడు ఎంత జాగ్రత్తపరుడైనా, దాచిన చోటు గట్టిది కాకపోతే రహస్యము నిలువదని నాడే తేలినది.

అందుకు పరిష్కారముగా నేడు బాధ్యత గల సంస్థలు సంకేతపదమును ఉన్నదున్నట్లు వ్రాసిపెట్టవు. దానిని గణితముతో మార్చి, ఆ ఫలితమును మాత్రమే ఉంచుతవి. గింజలను విసిరితే పిండి అవుతుంది, పిండిని మరల గింజలు చేయలేము కదా! ఇదియు అట్టిదే. మనము సంకేతపదము చెప్పినప్పుడల్లా దానిని మరల విసిరి, పాత పిండితో పోల్చి చూస్తారు. ఇద్దరి సంకేతపదము ఒకటే అయినా ఫలితములు వేరుగా ఉండుటకు అందులో కొంత ‘ఉప్పు’ కలుపుతారు. శాస్త్రములో దాని పేరు కూడా అదే. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే ఈ పద్ధతిని విపులముగా వివరించినారు. అయినను అన్ని సంస్థలూ దీనిని పాటించలేదు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుండి 3 కోట్ల 20 లక్షలకు పైగా సంకేతపదములు ఉన్నవి ఉన్నట్లే బయటపడినవి. వానిలో అందరికంటే ఎక్కువమంది పెట్టుకొన్నది ‘123456’. దానిని ఎంచుకొన్నవారు 2,90,000 మందికి పైనే!

తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు పండితుడు అల్-కిందీ, ఏ అక్షరము ఎంత తరచుగా వస్తుందో లెక్కించి రహస్యలేఖలను విప్పే పద్ధతిని గ్రంథస్థము చేసినాడు. మనుష్యుని అలవాటే రహస్యమునకు శత్రువు. నేటి దొంగలు కూడ మొదట మన అలవాట్లనే పరీక్షిస్తారు: పేరు, పుట్టిన సంవత్సరము, ఊరు, చివర 123.

ఒక లెక్క చూతము. ఇంగ్లీషు చిన్న అక్షరములు ఎనిమిదింటితో చేయగల సంకేతపదములు సుమారు 20,900 కోట్లు. దొంగిలించిన జాబితా చేతిలో పెట్టుకొని సెకనుకు 100 కోట్ల చొప్పున పరీక్షించే యంత్రమునకు ఇది మూడున్నర నిమిషముల పని. మరొక మార్గము చూడండి. పాచికను ఐదుసార్లు వేస్తే 7,776 విధములుగా పడవచ్చును. అన్ని మాటలతో ఒక పట్టిక వ్రాసుకొని, పాచిక చూపిన మాటనే తీసుకొనే పద్ధతిని 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ ప్రచారములోనికి తెచ్చినాడు. ఇట్లు ఐదు మాటలు తీసుకొంటే అదే యంత్రమునకు అన్నింటినీ పరీక్షించుటకు సుమారు 900 సంవత్సరములు పడుతుంది. ‘గోరింట ఇరుసు పావురము కంచము తుఫాను’ వంటి వరుసను గుర్తుంచుకొనుట కష్టము కాదు. అయితే మాటలను పాచిక ఎన్నుకోవలెను గాని మనము కాదు. పాట చరణమో, సామెతయో పెట్టితే దొంగకు అది ముందే తెలుసు. పైన ఇచ్చిన వరుసను కూడ ఎవరూ వాడరాదు, అచ్చయిన మాట రహస్యము కాదు కదా!

ఒకే సంకేతపదమును అన్ని చోట్లా వాడుట మరొక పెద్ద పొరపాటు. ఒకచోట బయటపడితే దొంగ దానిని బ్యాంకు వద్ద, ఈ-మెయిలు వద్ద కూడ ప్రయత్నిస్తాడు. ఈ-మెయిలు ఖాతా పోతే మిగిలినవన్నీ పోయినట్లే, ఎందుకనగా మరచిపోయిన సంకేతపదములను మార్చుకొనే దారి దాని గుండానే పోతుంది. పదుల కొద్దీ గుర్తుంచుకొనుట అసాధ్యము గనుక వానిని భద్రపరచే పాస్‌వర్డ్ మేనేజరును వాడవచ్చును. అది లేనివారు ఒక పుస్తకములో వ్రాసి ఇంటిలో పెట్టెలో దాచుకొన్నను తప్పు లేదు. వీలున్న ప్రతి ఖాతాకు రెండవ గడియగా ఓ.టి.పి. వంటి ఏర్పాటు చేసుకొనవలెను. దానిని ఎవరు అడిగినా చెప్పరాదు. కారణము లేకుండ నెలనెలా సంకేతపదము మార్పించనక్కర లేదని, పొడవే ముఖ్యమని అమెరికా ప్రమాణముల సంస్థ 2017లో సూచించినది. బయటపడినదని అనుమానము వస్తే మాత్రము ఆ క్షణముననే మార్చవలెను.

ఇక విహారములో గోప్యత. 1994లో లూ మోంటుల్లి కనిపెట్టిన ‘కుకీ’ అనగా, మనము వచ్చిన గుర్తును మన యంత్రములోనే ఉంచే చిన్న చీటీ. అది లేకపోతే పుట తిప్పినప్పుడల్లా మరల మన పేరు చెప్పుకోవలసి వచ్చేది. కాని ప్రకటనల సంస్థలు ఇట్టి చీటీలతోనే మనము ఏయే గుమ్మములు తొక్కినామో కూర్చుకొంటవి. బయటివారి కుకీలను బ్రౌజరులో నిరోధించవచ్చును. ఇంకాగ్నిటో అనే పద్ధతి మన యంత్రములో చరిత్రను మిగల్చదు, అంతే. నెట్ ఇచ్చేవారి నుండి అది మనలను దాచదు. ‘హెచ్‌టీటీపీఎస్’ అనునది దారి భద్రమని చెప్పును గాని, దారి చివర ఉన్నవాడు సజ్జనుడని చెప్పదు. కనుక చిరునామాను అక్షరము అక్షరము చదువవలెను. ఇతరుల యంత్రముపై పని ముగియగానే లాగౌట్ చేయవలెను. సొమ్ము పోతే సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు తెలుపవలెను.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. హక్కు కోర్టులో ఉంటే చాలదు, కళాశాల వరండాలో కూడ ఉండవలెను. కావున కళాశాల కమిటీ పెద్దలకు మా వినయపూర్వకమైన మనవి రెండు. దరఖాస్తుల కాలములో మన కంప్యూటరు గదిలోనే సహాయ కేంద్రము పెట్టి, ప్రతి విద్యార్థి తన నంబరుతో, తన సంకేతపదముతో నమోదు చేసుకొనేటట్లు చూడవలెను. ఫోను నంబర్లు, ఆధార్ సంఖ్యలు గల జాబితాలను నోటీసు బోర్డుపై అంటించరాదు. ముఖ్యముగా విద్యార్థినుల తల్లిదండ్రులు ఇందుకు ఎంతో సంతోషిస్తారు.

ఉర్దూలో ‘అమానత్’ అనే చక్కని మాట ఉన్నది. నమ్మి అప్పగించిన సొత్తు అని దాని అర్థము. మన వివరములు ఇతరుల వద్ద అమానతు, ఇతరుల వివరములు మన వద్ద అమానతు. దానిని రెండు వైపులా కాపాడుకొన్ననాడు మా మిత్రునికి కలిగిన కష్టము మరొకరికి కలుగదని మా విశ్వాసము.