అబ్బా వదిలి వెళ్లిన పికప్: రంగు వేసే ముందు చూడాల్సినవి

చాలా ఇళ్లలో ఇలాంటి బండి ఒకటి ఉంటుంది. పెరట్లో టార్పాలిన్ కప్పుకుని, టైర్లలో గాలి లేక నేలకు కరుచుకుని పడి ఉంటుంది. కూరగాయలు, ఫర్నిచర్, టెంట్ హౌస్ సామాను మోసి ఇంటిని నడిపించిన టాటా 207 కావచ్చు, మహీంద్రా పికప్ కావచ్చు. నడిపిన పెద్దాయన కన్నుమూశాక ఎవరూ తాళం తిప్పలేదు. రెండు మూడేళ్లకు పానా పట్టడం తెలిసిన కొడుకు ఒకరు "అబ్బా బండిని మళ్లీ రోడ్డెక్కిస్తా" అంటారు.

ఆలోచన మంచిదే. ఇంటి షెడ్డులో తీరిక దొరికినప్పుడు చేసుకుంటే కూలీ డబ్బులు మిగులుతాయి. కానీ ఎక్కువమంది పని మొదలుపెట్టేది డెంటింగ్, పెయింటింగ్‌తో. కంటికి కనిపించేది అదే కదా! చేతిలో ఉన్నదంతా రంగుకు పెట్టాక, చాసిస్ పుచ్చిపోయిందనో, కాగితాలు కుదరవనో తెలుస్తుంది. అప్పుడు బండి తుక్కు రేటుకే పోతుంది.

అందుకే మొదటి ప్రశ్న ఇంజిన్ గురించి కాదు. ఈ బండి ఇప్పుడు ఎవరిది?

ఆర్సీలో తండ్రి పేరు ఉంటే ఆ బండి ఆయన తర్కాలో, అంటే వదిలి వెళ్లిన ఆస్తిలో భాగం. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ ఉంటే అదీ పోగా మిగిలిన దాంట్లో అందరికీ వాటా ఉంటుంది. పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు వస్తుంది. మిగిలిన దాంట్లో కొడుక్కి వచ్చేదాంట్లో సగం కూతురికి. అత్తగారింట్లో ఉన్న చెల్లెలికీ ఆ బండిలో హక్కుంది. ఇది మాట్లాడుకోకుండా ఒక కొడుకు సొంత డబ్బు పోసి బాగుచేస్తే, బండి నడిచి సంపాదించడం మొదలయ్యాక గొడవ వస్తుంది. ఖర్చు పెట్టింది తానని ఒకరంటారు, బండి అబ్బాదని మిగతావాళ్లంటారు. ఇద్దరి మాటా నిజమే, చిక్కంతా అదే.

బండి కదలకుండా ఉన్నప్పుడే, ఒక్క రూపాయి పెట్టకముందే, తెలిసిన మెకానిక్‌తోనో బ్రోకర్‌తోనో ఉన్నది ఉన్నట్టు ధర కట్టించాలి. ఆ ధర మీద అమ్మీకి, తోబుట్టువులకు వాటా ఇచ్చేసి ఒకరు తీసుకోవచ్చు. లేదా ఖర్చు ఎలా లెక్కేసుకోవాలో కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టొచ్చు. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. కానీ ఈ సమ్మతి రవాణా శాఖ ఆఫీసుకూ కావాలి. యజమాని చనిపోతే 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31 మీద పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలన్నది రూలు. డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న అఫిడవిట్ అడుగుతారు. గడువు దాటిందని వదిలేస్తే చిక్కు పెరుగుతుందే తప్ప తగ్గదు.

అదే రోజు బండి నంబర్ మీద ఏమేం బాకీలున్నాయో చూసుకోవాలి. చలాన్లు, గ్రీన్ ట్యాక్స్, మూడు నెలలకోసారి కట్టే బండైతే ఆ పన్ను. బండి నిలిపేశామని ఆఫీసుకు రాసివ్వకపోతే, పెరట్లో పడి ఉన్నా తిరుగుతున్నట్టే లెక్క. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఇంకా ఉంటే, అప్పు ఎప్పుడో తీరినా, ఎన్‌ఓసీ తెచ్చి ఫారం 35 మీద దాన్ని కొట్టేయించాలి.

"15 ఏళ్లు దాటితే బండి తుక్కే" అని వాట్సాప్‌లో తిరిగే మాట విని భయపడక్కర్లేదు. పాత డీజిల్ బండ్ల మీద ఆ కఠినమైన ఆంక్షలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలవి. ఇక్కడ సరుకు బండికి అసలు పరీక్ష ఫిట్‌నెస్. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి అది ఏటా చేయించాలి. ఫిట్‌నెస్ లేని బండికి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషనే లేనట్టు. ఆ స్థితిలో యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది.

కాగితాలు కుదిరాయనుకుంటే, ఇక సుత్తి తీసుకుని బండి కిందికి చూడాలి.

పికప్‌కు చాసిసే వెన్నెముక. నిచ్చెనలా రెండు పొడవు దూలాలు, వాటి మధ్య అడ్డ పట్టీలు. వెనక కమాన్లు బిగించే చోట, ట్రాలీ కింద మట్టి పేరుకునే మూలల్లో, క్యాబిన్ కూర్చునే దిమ్మల దగ్గర తుప్పు ముందు పడుతుంది. మట్టి గోకి చిన్న సుత్తితో కొడుతూ వెళ్లాలి. ఖంగుమంటే ఇనుము గట్టిగా ఉన్నట్టు. బద్దగా మోగితే అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. దిగబడితే ఆ భాగం పోయినట్టే. చేపలు, ఉప్పు మోసిన బండ్లను, కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగిన బండ్లను మరీ జాగ్రత్తగా చూడాలి. ఒకటి రెండు చోట్ల అయితే మంచి వెల్డర్ సరిచేస్తారు. రెండు దూలాలూ పుచ్చితే ఆ బండిని అక్కడితో వదిలేయడమే లాభం. ఇంకో మాట, చాసిస్ నంబర్ కొట్టిన చోట గ్రైండర్ పెట్టకూడదు, వెల్డింగ్ చేయకూడదు. నంబర్ చెరిగితే దొంగ బండి కాదని నిరూపించుకోవడానికే తిరగాల్సి వస్తుంది.

ఏళ్లుగా ఆగిన ఇంజిన్‌ను బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టడం పెద్ద తప్పు. రింగులు లైనర్‌కు పట్టేసి ఉంటే గీతలు పడతాయి. నాజిల్స్ విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. తర్వాత ముందున్న క్రాంక్ పుల్లీ నట్‌కు పానా వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. తిరిగితే సగం గెలిచినట్టు. పాత డీజిల్ పారబోసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు, ఆయిల్ మార్చి, నాజిల్స్ బిగించి, లైన్‌లో గాలి తీశాకే స్టార్ట్ చేయాలి. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అయితే డీజిల్ ఎక్కువ పోతోంది, లేదా గాలి చాలడం లేదు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ చూడాలి.

ఇంజిన్ పనికిరాదని తేలి, రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పాతది కొంటే బిల్లు తప్పనిసరి. దాని మీదున్న నంబర్ రేపు ఆర్సీలో ఎక్కాలి కదా. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ తీసుకోవాలి, మార్చే ముందు ఆఫీసులో కనుక్కోవాలి.

బ్రేకుల దగ్గర పొదుపు వద్దు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లలో రబ్బర్లు, హోస్‌లు అన్నీ కొత్తవి వేయాలి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్లనాటి ఆయిల్ లోపల లోహాన్ని తినేసి ఉంటుంది. డ్రమ్ములు విప్పినప్పుడు ఆ దుమ్మును నోటితో ఊదకూడదు, కంప్రెసర్ గాలి కొట్టకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో కట్టి పారేయాలి.

పెద్ద గ్యారేజీలో చుట్టూ నలుగురు ఉంటారు. ఇంటి షెడ్డులో ఒక్కరే, పక్కన ఆడుకునే పిల్లలు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కింద ఎవరూ దూరకూడదు. ఇటుకలు, సిమెంటు బ్లాకులు ఒక్కసారిగా పగిలిపోతాయి. గట్టి ఇనుప స్టాండ్లు వేసి, బండిని ఊపి చూశాకే దిగాలి. తలుపులు మూసి ఇంజిన్ ఆన్ చేయకూడదు, ఆ పొగకు మనిషి పడిపోవచ్చు. డీజిల్ ట్యాంకుకు వెల్డింగ్ ఇంట్లో అసలు వద్దు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల ఆవిరి నిండి ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో రంగు. బండి మెరవకపోయినా ఫర్వాలేదు, తుప్పు గోకి ప్రైమర్ కొట్టడం ముఖ్యం. తుప్పు మీదే పుట్టీ పూస్తే కొన్ని నెలల్లోనే బుడగలు లేస్తాయి. ఫిట్‌నెస్‌కు వెళ్లే ముందు లైట్లు, హారన్, వైపర్లు, అద్దాలు, హ్యాండ్ బ్రేక్ చూసుకోవాలి, ఇన్సూరెన్స్ కొత్త పేరు మీద మార్పించుకోవాలి. రోడ్డెక్కిన మొదటి నెల సగం లోడే వేసి, మొదటి వంద కిలోమీటర్లకే చక్రాల నట్లు మళ్లీ బిగించుకోవాలి.