బొమ్మల వరుస మొదలుపెట్టే ముందు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ మీతో బొమ్మల గురించి మాట్లాడాలనుకుంటున్నాను. బొమ్మలనగానే కొండపల్లి బొమ్మలో, ఏటికొప్పాక లక్కబొమ్మలో అనుకునేరు! అవి కావు. చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మలూ కావు. చదువు పూర్తయి ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు వేలకు వేలు పోసి జపాను నుంచి తెప్పించుకుని, అద్దాల బీరువాలో నిలబెట్టుకునే బొమ్మలు. వాటిని వాళ్ళు యాక్షన్ ఫిగర్లంటారు. "అమ్మా, పార్సిలొస్తుంది, తీసి పెట్టు, విప్పకు" అని ఆఫీసు నుంచి ఫోను వచ్చిన తల్లులకు నేను దేని గురించి చెబుతున్నానో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ముందుగా నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2024 భోగికి ఇల్లు దులుపుతూంటే మా అబ్బాయి గదిలో అటకమీద నాలుగు అట్టపెట్టెలు కనబడ్డాయి. అన్నీ ఖాళీవే. ఇంకేం, పాత చాపతోపాటు వాటినీ భోగిమంటలో వేశాను. వాడు పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి చూశాడు. ఒక్క మాట అనలేదు. రెండు రోజులు తలవంచుకుని అన్నం తిని లేచి పోయాడు. అరిచి ఉంటే బాగుండునని నాకే అనిపించింది. మూడోనాడు మెల్లిగా అడిగితే చెప్పాడు. ఆ బొమ్మలు ఎప్పుడైనా అమ్మాలంటే పెట్టె ఉన్నదానికి ఒక ధర, లేనిదానికి ఒక ధరట. ఖాళీ పెట్టె కూడా బొమ్మలో భాగమేనట. ఆ రోజు నుంచే, తెలియని వస్తువును తిట్టడం మాని తెలుసుకోవాలని కూర్చున్నాను. నేను తెలుసుకున్నది మీకూ చెబుతాను.

జపాను వాళ్ళ కార్టూను కథలను అనిమే అంటారు. పోకెమాన్, డ్రాగన్ బాల్ వంటివి చూస్తూ పెరిగిన పిల్లలు మన ఇళ్ళల్లో ఎందరో ఉన్నారు. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' అనే చిత్రం తెలుగు మాటలతో కూడా మన హాళ్ళలో ఆడింది. ఆ కథల్లోని వీరులను కీళ్ళు కదిలేలా, కత్తులూ కవచాలతో సహా చేసి అమ్మే కంపెనీలు జపానులో చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది బందాయ్.

మా వాడు సేకరించే కథ పేరు 'సెయింట్ సెయా'. కర్త మసామి కురుమాడ. 1986లో 'షోనెన్ జంప్' అనే వారపత్రికలో బొమ్మల కథగా మొదలై, అదే ఏడాది టీవీకెక్కి 1989 దాకా 114 భాగాలు నడిచింది. ఫ్రాన్సులో 1988 నుంచి, బ్రెజిల్‌లో 1994 నుంచి టీవీలో వస్తే అక్కడి పిల్లలకు పిచ్చి పట్టినంత పనయింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో కొత్త రూపంలో వచ్చినప్పుడు మా వాడు చూశాడు. అప్పటికి ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు.

కథ వింటే మనకూ సరదాగానే ఉంటుంది. ఒక దేవతను కాపాడే యోధులుంటారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క నక్షత్రమండలం పేర కవచం. వాళ్ళలో పన్నెండుమందివి బంగారు కవచాలు. ఆ పన్నెండూ ఏమిటనుకున్నారు? మన పంచాంగంలో ఉన్న మేషం, వృషభం మొదలు మీనం దాకా రాశులే! కన్యారాశి వీరుడి పేరు షాకా. జపాను వాళ్ళు శాక్యమునిని పిలిచే పేరది. కథ ప్రకారం అతగాడు మన దేశంలోనే పుట్టాడు. బొమ్మలోని చమత్కారం ఏమిటంటే, ఒంటిమీది కవచం ముక్కలన్నీ ఊడదీసి వేరే చట్రానికి అమరిస్తే ఆ రాశి ఆకారం వస్తుంది. మేషమైతే పొట్టేలు, వృషభమైతే ఎద్దు, కన్య అయితే చేతులు జోడించిన అమ్మాయి. ముక్కల్లో కొన్ని ప్లాస్టిక్, కొన్ని పోతపోసిన లోహం.

ఇంతోటి బొమ్మకు అంత ధర ఎందుకని నేనూ అడిగాను. ప్రతి ముక్కకూ ముందు అచ్చు చేయించాలి. కవచంలో పదుల కొద్దీ ముక్కలుంటాయి. అచ్చులకయ్యే ఖర్చు మొదటే అయిపోతుంది, లక్ష బొమ్మలు పోసినా వెయ్యి పోసినా అంతే. ఇవి చీపురు కట్టల్లా ఇంటింటికీ అమ్ముడయ్యేవి కావు గనుక ఆ ఖర్చంతా కొద్ది బొమ్మల మీద పడుతుంది. దానికి తోడు రంగుల పని, కథ హక్కుదారులకిచ్చే సొమ్ము. అందుకే కంపెనీలు ముందు నమూనా చూపించి, ఎవరికి కావాలో ఆర్డర్లు తీసుకుని, ఆ తర్వాత నెలలకు గాని సరుకు పంపవు. మార్చిలో ఒప్పుకున్న బొమ్మకు దసరా తర్వాత డబ్బు కట్టాల్సి రావచ్చు. ఆలస్యమైతే ఇంకా వెనక్కి పోవచ్చు. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక 'వరుస' అంటే ఏమిటో చెబుతాను. ఒకే కొలత, ఒకే తీరుతో ఒకదాని తర్వాత ఒకటి విడుదల చేసే బొమ్మలన్నీ కలిపి ఒక వరుస. బందాయ్ వారు 2003లో 'మిత్ క్లాత్' అనే పేరుతో ఈ యోధుల వరుస మొదలుపెట్టారు. కొన్నేళ్ళపాటు ఒక్కొక్కరినే తెచ్చారు. జనం ఓపికగా పన్నెండు రాశులూ పోగేసుకున్నారు. 2011లో అదే కంపెనీ 'మిత్ క్లాత్ ఈఎక్స్' అని ఇంకో వరుస తెచ్చింది. బొమ్మ కాస్త పెద్దది, కీళ్ళు మెరుగు, ముఖాలు అందం. మొదట మిథునరాశి వీరుడు సాగాను విడుదల చేశారు. పాతదాని పక్కన కొత్తది పెడితే కొలత కలవదు, తమ్ముడి పక్కన అన్నలా ఉంటుంది. మరి పాత పన్నెండు ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? పాతవి ఉంచుకుని ఆగిపోవాలా, అన్నీ అమ్మేసి మళ్ళీ మేషం నుంచి మొదలుపెట్టాలా? ప్రపంచంలో ఎందరో ఈ ప్రశ్న దగ్గర తల పట్టుకున్నారట. మనకు నవ్వుగా ఉంటుంది గాని, ఇరవైనాలుగు పళ్ళేల డిన్నరు సెట్టులో పన్నెండు పగిలాక అదే అంచు దొరక్క మనం పడే బాధ ఏ పాటిది?

మా వాడి దగ్గర పాత వరుసవి నాలుగున్నాయి, సెకండ్‌హ్యాండ్‌వి. 2025లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం రాగానే "అమ్మా, ఇక ఈఎక్స్ మొదలుపెడతాను, పన్నెండూ" అన్నాడు. మావారు పేపరు దించి చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. మా అత్తగారు మాత్రం, "మేము కొలువుకి ఏడాదికొక కొత్త బొమ్మ కొనేవాళ్ళం. వీడు ఏడాదిలో కొలువంతా కొంటానంటాడేమర్రా" అన్నారు. అందరం నవ్వేశాం. వాడూ నవ్వాడు.

నవ్వినంతసేపు పట్టలేదు. చెల్లెలి కాలేజీ ఫీజులో సగం తనే కడతానని వాడు ఉద్యోగం రాకముందే మాటిచ్చాడు. మేము అడగలేదు, వాడే అన్నాడు. సరిగ్గా ఫీజు కట్టాల్సిన నెలలోనే, ఎప్పుడో ఒప్పుకున్న రెండు బొమ్మలు, ఆలస్యమైన ఒకటీ, అసలు వేళకు వచ్చిన ఒకటీ, కలిసి వచ్చిపడ్డాయి. ఆర్డరు వెనక్కి తీసుకునే వీలు లేదన్నాడు దుకాణదారు. ఫీజు మావారు సర్దారు. పిల్ల ఏమీ అనలేదు గాని, ఆ వారం అన్నగారి గది వైపు వెళ్ళలేదు. వాడు ఇచ్చిన మాట తప్పే రకం కాదు. మరి తప్పెక్కడుంది? వరుస అనేది చీటీ కట్టడం లాంటిదని వాడూ అనుకోలేదు, మేమూ చెప్పలేదు. మొదటి నెల కట్టడం తేలికే. నడుమ ఇంట్లో ఏ అవసరమొచ్చినా చీటీ ఆగదు కదా!

ఆ తర్వాత ఒక ఆదివారం వాడూ నేనూ పాలలెక్క పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. కొత్త వరుస మొదలుపెట్టే ముందు అడగవలసిన ప్రశ్నలు రాసుకున్నాం. మీ పిల్లలకూ పనికొస్తాయని చదువుతున్నాను.

ఒకటి. మొత్తం ఎన్ని? రాశుల వీరులైతే పన్నెండుతో అయిపోతుంది. కొన్ని కథలకు అంతే ఉండదు, ఒకే వీరుడికి జుట్టు రంగు మారితే ఇంకో బొమ్మ. ముగింపు ఉన్నదానికే చెయ్యి చాచడం మేలు.

రెండు. చివరికి ఎంత? ఇటీవల వచ్చేవాటిలో చాలావాటికి పదివేల యెన్ల పైమాటే. పదివేల చొప్పునే వేసుకున్నా పన్నెండుకు 1,20,000 యెన్లు. యెన్ అర్ధరూపాయికి కాస్త పైన ఉంటే మన డబ్బులో 60, 70 వేలు. ఓడ ఖర్చో, విమానం ఖర్చో వేరు. సుంకం వేరు. ఆటబొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్టులో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. రేట్లు మారుతూంటాయి గనుక తెప్పించే ముందు అప్పటి రేటు కనుక్కోవాలి. అయిపోయిన బొమ్మలకు చేతులు మారిన ధర ఇంకా ఎక్కువ.

మూడు. వరుస మధ్యలో ఆగిపోతే? అమ్మకాలు లేకపోతే కంపెనీ ఆపేస్తుంది. అదే బందాయ్ 2010లో 'డి-ఆర్ట్స్' అని మొదలుపెట్టిన వరుస కొన్నేళ్ళకే ఆగిపోయింది. అందుచేత వచ్చే ప్రతి బొమ్మా ఒంటరిగా నిలబెట్టినా మనసుకు నచ్చేదిగా ఉండాలి. మిగతావి వస్తేనే ముచ్చట అనుకుంటే కొనకూడదు.

నాలుగు. ఎప్పుడు డబ్బు కట్టాలి? ఒప్పుకున్న ప్రతిదీ, రావలసిన నెలా, ధరా రాసి పెట్టుకోవాలి. ఫీజులు, బీమా, పండుగలు వచ్చే నెలల పక్కన గుర్తు పెట్టుకోవాలి. ఒకసారికి ఒక్క ఆర్డరే బాకీ ఉండాలి.

ఐదు. ఇది పెట్టుబడి అనుకుంటున్నామా? "తర్వాత అమ్మితే లాభమమ్మా" అంటారు పిల్లలు. కొన్నిటికి నిజమే. టోక్యోలో నకానో బ్రాడ్‌వే అనే భవనంలో 1980లో పాతపుస్తకాల దుకాణంగా మొదలైన మందరాకే అనే సంస్థ ఇప్పుడు పాత బొమ్మల బేరానికి పేరుమోసింది. కాని కంపెనీ అదే బొమ్మను మళ్ళీ పోసిందంటే పాతదాని ధర పడిపోతుంది. బంగారమైతే వంగినా గీసుకున్నా తూకానికి ధర పలుకుతుంది. బొమ్మ చెయ్యి విరిగితే ఏం పలుకుతుంది? ఇష్టం కోసం కొనుక్కోవచ్చు, లాభం కోసం వద్దు.

ఇంకొక మాట. ధర మరీ తక్కువగా కనబడితే అనుమానించండి. నకిలీ సరుకు విపరీతంగా ఉంది. రంగు అంచులు దాటడం, కీళ్ళు వదులుగా ఉండడం, విప్పగానే ఘాటు వాసన రావడం దాని గుర్తులు.

ఇల్లాళ్ళుగా మనం చెయ్యగలిగినవీ ఉన్నాయి. ఈ బొమ్మలను కిటికీ ఎండలో ఉంచితే రంగు పాలిపోతుంది, తెల్ల ప్లాస్టిక్ పచ్చబడుతుంది. మన వేసవి వేడికి మెత్తని ప్లాస్టిక్ వంగిపోతుంది. గాలి ఆడని చోట ఏళ్ళ తరబడి మూసిపెడితే పీవీసీలో కలిపిన మెత్తదనపు నూనె పైకి తేలి జిగురు పడుతుంది. అలాంటప్పుడు గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి తుడిచి ఆరబెట్టాలి. స్పిరిటు, థిన్నరు తగలనివ్వకండి, రంగు లేచిపోతుంది. లోహపు భాగాలను పొడి పాత మల్లుగుడ్డతో తుడవండి. దుమ్ముకు మెత్తని బ్రష్షు చాలు. చంటిపిల్లలున్న ఇళ్ళల్లో మరీ జాగ్రత్త. ఈ బొమ్మల పెట్టెల మీద 15 ఏళ్ళు దాటినవారికని రాసి ఉంటుంది. చిన్న చిన్న చేతులూ కత్తులూ గొంతులో పడితే ప్రమాదం. పనిమనిషికి కూడా ఆ బీరువా జోలికి పోవద్దని చెప్పండి.

మరి మా వాడేం చేశాడంటారా? చెల్లెలి ఫీజు తాలూకు సొమ్ము మూడు నెలల్లో వాళ్ళ నాన్నగారి చేతిలో పెట్టాడు. నాయనమ్మగారి లెక్కే పట్టాడు. ఏడాదికి ఒక్కటి, దసరాకు. అప్పుడే వచ్చిపడ్డ రెండిటినీ రెండేళ్ళ కింద కొట్టేసుకున్నాడు. ఆ రెంటిలో ఒకటి కన్యారాశి వీరుడు. చెల్లెలిది కన్యారాశి. దాన్ని బీరువాలో పెట్టేముందు కవచం ఊడదీసి చేతులు జోడించిన అమ్మాయిలా అమర్చమని ఆ పిల్లకే ఇచ్చాడు. ఇద్దరూ కాగితం చూసుకుంటూ రాత్రి పదకొండింటిదాకా కూర్చున్నారు. పాత నాలుగూ అమ్ముదామా అంటే, పెట్టెలు లేవు కదా అని నా వైపు చూసి నవ్వాడు. అవి అలాగే కింది అరలో ఉన్నాయి.

కొత్త పెట్టెలు రెండూ అటక మీదున్నాయి. ఒక్కోదానిమీద తెల్లకాగితం అంటించి పెద్దక్షరాలతో రాశాడు: "అమ్మా, భోగికి కాదు."

సెలవు.