పాత కంప్యూటర్‌కు విలువ ఎలా వస్తుంది?

పాత కంప్యూటర్ ఒకటి వేలంలో కోట్లు పలికిందని వింటే అటకమీది మన యంత్రం గుర్తుకొస్తుంది. కానీ వయసు ఒక్కటే ధర పెంచదు.

స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన ఆపిల్-1 ధర 1976లో 666.66 డాలర్లు. ఆ డబ్బుకు వచ్చేది సర్క్యూట్ బోర్డు మాత్రమే. కీబోర్డు, తెర, పెట్టె కొన్నవారే సమకూర్చుకోవాలి. తయారైనవి సుమారు 200. ఆపిల్-2 వచ్చాక కంపెనీ చాలా బోర్డులను వెనక్కి తీసుకుని ధ్వంసం చేసింది. మిగిలినవాటిలో పనిచేసే ఒకదాన్ని 2014లో అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 9,05,000 డాలర్లకు కొన్నది. 1982లో వచ్చిన కమొడోర్ 64 మాత్రం కోటికి పైగా అమ్ముడైంది. దొరకడం తేలిక కాబట్టి దానికి అంత ధర పలకదు.

అరుదైనదైతే చాలదు, అసలు భాగాలు చెడకుండా ఉండాలి. ఆ తర్వాతి కాలపు చాలా కంప్యూటర్లలో గడియారం నడిపే చిన్న బ్యాటరీ ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది కారి, బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. కెపాసిటర్లలోని ద్రవం కూడా ఎండిపోవచ్చు, కారిపోవచ్చు. అలాంటి యంత్రానికి ఒక్కసారిగా కరెంటు ఇస్తే చిప్‌లు కాలిపోయే ప్రమాదం ఉంది.

కాబట్టి పాత యంత్రం దొరికితే వెంటనే స్విచ్ వేయకండి. తెలిసినవారితో బ్యాటరీ తీయించండి. అసలు భాగాలు, మాన్యువల్, బిల్లు దాచండి. మోడల్ ఏదో తెలుసుకున్నాకే తుక్కుకు వేయాలో లేదో నిర్ణయించండి.