సాయం చేసేవారి అలసట

శనివారాల్లో ఇక్కడి మన కుటుంబాల సహాయ కేంద్రంలో ఫోన్లు తీస్తుంటాను. నిరుడు ఒక తెలుగమ్మాయి ఇంట్లో పడుతున్న బాధ చెప్పుకుంటుంటే, "ఫారం నింపి పంపండమ్మా" అని పెట్టేశాను. ఆమె మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవారి ఇలాంటి అలసటకే 'బర్నవుట్' అని పేరుపెట్టి వ్యాసం రాశాడు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ మూడు గుర్తులు చెప్పింది: మనసు ఖాళీ అయిపోవడం, ఎదుటి మనిషి ఉత్త 'కేసు'గా కనబడటం, చేసేదంతా వృథా అనిపించడం. రెండోదాని దెబ్బ సాయం కోరినవారికే తగులుతుంది.

సర్వర్ మీద బరువు పెరిగితే ఇంకోదానికి పంచుతాం. మనుషులకూ అంతే. ఇప్పుడు మాలో ఎవరూ వరసగా రెండు వారాలు కూర్చోరు. ప్రతి ఫోన్ తర్వాతా తోటివాళ్ళతో కాసేపు మాట్లాడతారు. ఆ అమ్మాయి మళ్ళీ చేస్తే, ఈసారి వినేవాళ్ళుంటారు.