అర్థం లేని చిన్నమాట

"అన్నతో బజారుకు వెళ్ళాను." "కలంతో రాశాను." "కుండ నీళ్ళతో నిండింది."

మూడు వాక్యాల్లోనూ 'తో' ఉంది కదూ? మొదటిదానిలో అన్న నాకు తోడు. రెండవదానిలో కలం నా పనిముట్టు. మరి మూడవదానిలో? నీళ్ళు కుండకు తోడూ కాదు, పనిముట్టూ కాదు! సొంత భాష గనుక మనకు ఈ ప్రశ్నే తట్టదు. పరాయి భాష నేర్చేటప్పుడు మాత్రం ఇలాంటి చిన్నమాటలే ఏడిపిస్తాయి. ఇంగ్లీషు పరీక్షలో ప్రిపొజిషన్ల దగ్గర పోయే మార్కుల సంగతి మీకు చెప్పాలా?

ఈ చిక్కు లేని భాషను తయారు చేయవచ్చునా? జామెన్‌హాఫ్ అనే కంటివైద్యుడు ప్రయత్నించాడు. ఆయన పుట్టిన బియాలిస్టోక్ పట్టణం ఆనాడు రష్యా ఏలుబడిలో ఉండేది, ఈనాడు పోలెండులో ఉంది. అక్కడ రష్యన్లు, పోలులు, జర్మన్లు, యూదులు ఎవరి భాష వారిదై, ఒకరినొకరు నమ్మక బతికేవారు. అందరికీ ఉమ్మడిగా ఒక సులువైన రెండవ భాష ఉంటే ఈ వైరం తగ్గుతుందని ఆశించి, 1887లో వార్సాలో తన భాషను అచ్చువేయించాడు. అదే ఎస్పెరాంటో. వ్యాకరణమంతా 16 సూత్రాలే!

14వ సూత్రం చూడండి. ఇలాంటి ప్రతి చిన్నమాటకూ స్థిరమైన అర్థం ఉండాలంటుంది. అందుకే మన 'తో' అక్కడ రెండుగా చీలిపోయింది. తోడుకు 'కున్', పనిముట్టుకు 'పెర్'. (మన వ్యాకరణంలోని 'కున్' కాదు సుమా!) కనుక అన్నకు 'కున్', కలానికి 'పెర్'.

మరి కుండలో నీళ్ళ మాటేమిటి? ఇక్కడే జామెన్‌హాఫ్ తెలివి కనిపిస్తుంది. వస్తువుల మధ్య సంబంధాలు లెక్కలేనన్ని, చిన్నమాటలా కొన్ని పదులు. ఏదో ఒకటి మిగిలిపోక తప్పదు. అప్పుడు పోలు తన అలవాటు ప్రకారం ఒక మాట, జర్మన్ తన అలవాటు ప్రకారం మరొకటి వాడితే, ఒకరిది ఒకరికి అర్థం కాక కథ మళ్ళీ మొదటికే వస్తుంది. అందుకని అదే సూత్రంలో, ఏ మాటా సరిపడనిచోట వాడుకోమని, సొంత అర్థమే లేని ఒక మాటను చేర్చాడు. అది 'యె'. పేకముక్కల్లో జోకరు లాంటిదన్నమాట! నిండిన కుండకు 'యె' చక్కగా సరిపోతుంది.

అర్థం లేకుండా పుట్టిన ఈ మాటకు వాడేవాళ్ళు క్రమంగా ఒక పని అప్పగించారు. ఈనాడు అది ఎక్కువగా వేళ చెప్పేటప్పుడు వినిపిస్తుంది. 'యె లా క్వీనా' అంటే 'అయిదు గంటలకు'.